ఇంట్లో కట్టిన వేప్ బాక్స్: మీటర్‌లో 3.8 వోల్టులే, మరి దూది ఎందుకు మాడుతోంది?

కిరణ్_డాలస్

అందరికీ నమస్కారం. నేను డాలస్‌లో ఉంటాను. కాలేజీ రోజుల నుంచి సిగరెట్ అలవాటు ఉండేది. పెళ్లయ్యాక ఈ-సిగరెట్‌కి, అదే వేప్‌కి మారాను, ఇప్పుడు సిగరెట్ ముట్టుకోవడం లేదు. ఇన్నాళ్లూ వాడింది సన్నటి పెన్, కింద డయల్ తిప్పితే 3.3 నుంచి 4.8 వోల్టుల దాకా మారేది. దాని బ్యాటరీ పని అయిపోయింది. సోల్డరింగ్ వచ్చు కదా అని ఈసారి సొంతంగా బాక్స్ కట్టుకున్నాను.

ఇందులో పెట్టినవి: రెండు శాంసంగ్ 25ఆర్ సెల్స్ సిరీస్‌లో, అల్యూమినియం డబ్బా, లిక్విడ్ పోసే ట్యాంక్ బిగించడానికి 510 కనెక్టర్, నొక్కుడు బటన్, ఆన్‌లైన్‌లో కొన్న చిన్న వోల్టేజ్ కంట్రోల్ బోర్డు. బోర్డు మీద 555 టైమర్ ఐసీ, స్విచ్‌లా పనిచేసే ఒక పెద్ద మాస్‌ఫెట్, తిప్పితే రెసిస్టెన్స్ మారే ఒక పాట్ ఉన్నాయి. దూదిలో నానిన లిక్విడ్‌ని వేడి చేసే తీగ చుట్ట, అదే కాయిల్, 1.2 ఓమ్. సెల్స్ ఫుల్ ఛార్జ్‌లో రెండూ కలిపి 8.2 వోల్టులు. బటన్ నొక్కి, కాయిల్ దగ్గర మల్టీమీటర్ పెట్టి, పాట్ తిప్పుతూ 3.8కి తెచ్చాను.

పాత పెన్‌లో ఇదే ట్యాంక్, ఇదే కాయిల్, 3.8 దగ్గర హాయిగా ఉండేది. కొత్త బాక్స్‌లో రెండో పీల్పుకే గొంతు మండుతోంది, మాడు వాసన వస్తోంది. కాయిల్ విప్పితే దూది చుట్టూ తెల్లగానే ఉంది, తీగ తగిలే మధ్యభాగం మాత్రం బొగ్గులా నల్లబడింది. కొత్త దూది పెట్టినా అదే తంతు. మీటర్ మార్చి చూశాను, అదీ 3.8 అనే అంటోంది. ఎక్కడ తేడా కొడుతోందో ఎవరైనా చెప్పగలరా?

కోఠి_సర్క్యూట్

కిరణ్ అన్నా, ముందు ఒక్క సంగతి చూసి చెప్పండి. ఆ బోర్డు మీద ఇండక్టర్ ఉందా? రాగి తీగ చుట్టిన రింగు గానీ, చతురస్రంగా బూడిద రంగులో దిమ్మలాంటిది గానీ.

కిరణ్_డాలస్

లేదు అన్నా. ఐసీ, మాస్‌ఫెట్, రెండు చిన్న కెపాసిటర్లు, నాలుగైదు రెసిస్టర్లు, ఒక డయోడ్. అంతే.

కోఠి_సర్క్యూట్

అయితే దొంగ దొరికాడు. మీరు కొన్నది వోల్టేజ్ తగ్గించే బోర్డు కాదు, పీడబ్ల్యూఎం డిమ్మర్. ఎల్ఈడీ పట్టీల వెలుగు తగ్గించడానికి, చిన్న మోటార్ల వేగం తగ్గించడానికి వాడేది. అది 8.2 వోల్టులను 3.8 చెయ్యదు. 8.2ని పూర్తిగా ఇస్తుంది, ఆపేస్తుంది, మళ్లీ ఇస్తుంది. ఇది సెకనుకు వందలసార్లు, కొన్ని బోర్డుల్లో వేలసార్లు జరుగుతుంది. మల్టీమీటర్ డీసీలో పెడితే ఈ కొట్టుకోవడం దానికి కనపడదు, సగటు తీసి 3.8 అని చూపిస్తుంది.

కాయిల్ వేడెక్కేది సగటు వోల్టేజ్‌ని బట్టి కాదు. వేడి వోల్టేజ్ వర్గాన్ని బట్టి పోతుంది. మీ లెక్కే తీసుకుందాం.

నికరమైన 3.8 వోల్టులైతే: 3.8 × 3.8 ÷ 1.2 = సుమారు 12 వాట్లు. పాత పెన్‌లో మీకు అలవాటైన వేడి ఇది.

ఇప్పుడు ఈ బాక్స్: కరెంటు పారుతున్నప్పుడు 8.2 × 8.2 ÷ 1.2 = 56 వాట్లు. 8.2లో 3.8 సగటు రావాలంటే మొత్తం సమయంలో 46 శాతం ఆన్‌లో ఉండాలి. 56లో 46 శాతం అంటే దాదాపు 26 వాట్లు.

మీటర్ 3.8 అంటోంది, దూది మాత్రం 5.6 వోల్టుల వేడి తింటోంది. రెండింతలు దాటింది, మాడదా మరి?

ఇంకోటి. మీటర్ మీద ట్రూ ఆర్ఎంఎస్ (వేడికి లెక్కకొచ్చే అసలు వోల్టేజ్) అని రాసి ఉన్నా డీసీలో పెడితే అదీ సగటే చూపిస్తుంది. ఏసీలో పెడితే చాలా మీటర్లు డీసీ భాగాన్ని వదిలేసి మిగతాదే లెక్కేస్తాయి, ఆ అంకె కూడా తప్పే. అలల్ని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్ ఉంటే ఒక్క చూపులో తేలిపోతుంది. లేకపోతే పైన చేసిన లెక్కే గతి.

కిరణ్_డాలస్

అన్నా, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. మీటర్లు రెండూ ఒకే మాట చెబుతుంటే కాయిల్‌నే అనుమానించాను. పాట్‌ని 2.6 దాకా తగ్గిస్తే మీ లెక్క ప్రకారం 18 వాట్లు వస్తోంది. ఇంకా తగ్గించి 12 వాట్ల దగ్గర పెట్టుకుని ఈ బోర్డుతోనే నడిపేయొచ్చా?

సురేష్_ఆర్‌సీ

నేను రిమోట్‌తో ఎగిరే ఆర్‌సీ విమానాలు కడతాను. కిరణ్ గారూ, బోర్డు ఔట్‌పుట్‌కి అడ్డంగా పెద్ద కెపాసిటర్ ఒకటి పెడితే అలలు చదునైపోతాయి కదా? పది రూపాయల పని.

కోఠి_సర్క్యూట్

వద్దు సురేష్ అన్నా. ఇండక్టర్ లేకుండా ఉత్త కెపాసిటర్ పెడితే మాస్‌ఫెట్ ఆన్ అయిన ప్రతిసారీ ఖాళీగా ఉన్న కెపాసిటర్‌లోకి సెల్స్ నుంచి కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. దాన్ని ఆపేది వైర్ రెసిస్టెన్స్ ఒక్కటే. మాస్‌ఫెట్ కాలుతుంది, సెల్స్ మీద దెబ్బ పడుతుంది. కెపాసిటర్ పెద్దదైతే వోల్టేజ్ కూడా పైకి, 8 వైపు పాకుతుంది. ఇండక్టర్, డయోడ్, కెపాసిటర్, ఫీడ్‌బ్యాక్ అన్నీ ఉంటేనే అది వోల్టేజ్‌ని నిజంగా తగ్గించే బక్ కన్వర్టర్ అవుతుంది.

కిరణ్ అన్నా, పాట్ తగ్గించి 12 వాట్లు తెచ్చుకోవచ్చు, లెక్క ప్రకారం తప్పు లేదు. కానీ జేబులో పాట్ కొంచెం తిరిగిందనుకోండి, ఆ చివర 56 వాట్లు కూర్చుని ఉన్నాయి. మాస్‌ఫెట్ చెడిపోయినప్పుడు ఎక్కువగా షార్ట్ అయి చెడిపోతుంది. అప్పుడు బటన్‌తో పనే లేదు, కాయిల్ తనంతట తానే ఎర్రగా కాలుతూ ఉంటుంది. నోటి దగ్గర పెట్టుకునే వస్తువుకి ఈ బోర్డు వద్దు.

లెస్టర్_లక్ష్మి

ఈ చర్చ చూసి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే ఈ పీడబ్ల్యూఎం గొడవ కొత్తది కాదు. చైనాలో హోన్ లిక్ 2003లో ఈ-సిగరెట్ చేశాక, కొన్నేళ్లలోనే అమెరికాలో, ఇక్కడ బ్రిటన్‌లో జనం ఇంట్లో కట్టుకోవడం మొదలుపెట్టారు. కంపెనీ పెన్నుల్లో చిన్న సెల్, 3.7 వోల్టులు, అప్పటి కాయిల్ రెండు ఓమ్‌ల పైనే. ఆరేడు వాట్లు కూడా వచ్చేవి కావు. సిగరెట్ మానాలనుకున్నవాడికి అది చాలేది కాదు. అందుకని టార్చిలైట్ గొట్టాల్లో రెండు 3 వోల్టుల సెల్స్ పెట్టి 6 వోల్టులు ఇచ్చేవారు. ఆ తర్వాత ప్రాజెక్టు డబ్బాలో రెగ్యులేటర్ పెట్టి 5 వోల్టులకు కట్టేవారు. తిప్పుకునే వోల్టేజ్ వచ్చింది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల పీటీఆర్08100డబ్ల్యూ, మురాటా వాళ్ల ఓకేఆర్-టీ/10 లాంటి మాడ్యూల్స్‌తో. ఇవి వేప్ కోసం చేసినవి కావు, ఫ్యాక్టరీ సర్క్యూట్ బోర్డుల మీద పెట్టే చిన్న పవర్ మాడ్యూల్స్. హాబీవాళ్లే వీటిని పట్టుకున్నారు.

వామో అని ఒకటి వచ్చేది అప్పట్లో. చాలా చవక. అది కూడా పీడబ్ల్యూఎమ్మే, సెకనుకు 33 సార్లు కొట్టుకునేది. నొక్కితే ట్యాంక్‌లోంచి సన్నగా గరగర చప్పుడు వచ్చేది. మెనూలో సగటు, ఆర్ఎంఎస్ అని రెండు పద్ధతులుండేవి. సగటులో పెట్టినవాళ్లందరూ కిరణ్ గారిలాగే దూది మాడ్చుకుని ఫోరమ్‌లో ప్రశ్న వేసేవాళ్లు.

మావారి సిగరెట్ మాన్పించింది ఓకేఆర్ మాడ్యూల్‌తో నేను కట్టిన డబ్బాయే. కిరణ్ గారూ, మీ డబ్బా, సెల్స్, కనెక్టర్ అలాగే ఉంచి బోర్డు ఒక్కటి మార్చండి. ఓకేఆర్-టీ/10కి ఇన్‌పుట్ 4.5 నుంచి 14 వోల్టుల దాకా ఇవ్వొచ్చు, 10 ఆంప్స్ దాకా ఇస్తుంది. రెండు సెల్స్ సిరీస్‌కి సరిగ్గా సరిపోతుంది.

కోఠి_సర్క్యూట్

లక్ష్మి గారు చెప్పిన మాడ్యూల్ డేటాషీట్ ఇప్పుడే తీసి చూశాను. నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది, చెప్పకుండా ఉండలేను.

ట్రిమ్ పిన్ నుంచి గ్రౌండ్‌కి ఒక రెసిస్టర్ పెడితే ఔట్‌పుట్ ఎంతో తేలుతుంది. సూత్రం: కిలోఓమ్‌లలో రెసిస్టర్ విలువ = 1.182 ÷ (కావలసిన వోల్టేజ్ − 0.591). ఉత్త పాట్ పెట్టకండి. పాట్ సున్నాకి వస్తే రెసిస్టర్ లేనట్టే, ఔట్‌పుట్ హద్దు దాటి పైకి పోతుంది. 270 ఓమ్‌ల ఫిక్స్‌డ్ రెసిస్టర్‌కి 200 ఓమ్‌ల పాట్‌ని సిరీస్‌లో పెట్టండి. పాట్ సున్నా దగ్గర మొత్తం 270, అంటే 4.97 వోల్టులు. చివర దాకా తిప్పితే మొత్తం 470, అంటే 3.1 వోల్టులు. 3.1కి, 4.97కి మధ్యే తిరుగుతుంది, బయటికి పోలేదు.

అసలు నచ్చింది ఇది. పాట్‌లో లోపల తిరిగే కాంటాక్ట్ అరిగిపోయి తెగిపోయిందనుకోండి. ఈ మాడ్యూల్‌లో ట్రిమ్ పిన్ ఖాళీగా వదిలేస్తే ఔట్‌పుట్ 0.591 వోల్టులకి పడిపోతుంది. కాయిల్ చల్లారుతుంది, అంతే. అదే బజార్లో దొరికే ఎల్ఎం2596 అనే బక్ కన్వర్టర్ బోర్డుల్లో పాట్ తెగితే ఫీడ్‌బ్యాక్ పోయి బ్యాటరీ వోల్టేజ్ మొత్తం ఔట్‌పుట్‌కి వచ్చేస్తుంది. పైగా అది 3 ఆంప్స్ బోర్డు, మీ కాయిల్ 3.8 దగ్గరే 3.2 లాగుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఎల్ఎం2596 బోర్డులు కుప్పలుగా దొరుకుతాయి, నా రిపేర్ బల్ల మీద ఎప్పుడూ నాలుగు ఉంటాయి. అయినా చెబుతున్నా, ఈ పనికి అవి వద్దు.

బటన్ గుండా మెయిన్ కరెంటు పోనివ్వకండి. మాడ్యూల్‌కి ఆన్/ఆఫ్ పిన్ ఉంది, చిన్న బటన్ దానికి పెట్టండి. ఏ తరహా పిన్నో, పైకి లాగాలో కిందికి లాగాలో, మీరు కొన్న మోడల్ చివరి అక్షరాలు చూసి డేటాషీట్‌తో సరిపోల్చుకోండి. ఇన్‌పుట్, ఔట్‌పుట్ కెపాసిటర్లు అందులో చెప్పినవే పెట్టండి.

శాస్త్రి_బ్యాటరీ_హోసూరు

నేను బ్యాటరీ ప్యాక్‌ల పనిలో ఉన్నాను. ఇప్పటిదాకా అందరూ వోల్టేజ్ గురించే మాట్లాడారు, సెల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు టెన్షన్ అంతా అక్కడే.

కిరణ్ గారూ, మీ పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో 2019 జనవరిలో 24 ఏళ్ల కుర్రాడు వేప్ పేలి మెడలో రక్తనాళం తెగి చనిపోయాడు. అంతకుముందు 2018 మేలో ఫ్లోరిడాలో ఇంకొకాయన. అందుకే ఇది కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మీ 25ఆర్ 18650 సైజు సెల్. అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. పైన గుండ్రటి టోపీ పాజిటివ్. మిగతా డబ్బా మొత్తం, పక్కలు, అడుగు, టోపీ చుట్టూ ఉండే అంచుతో సహా, నెగటివ్. పాజిటివ్‌కీ ఆ అంచుకీ మధ్య ఉన్నది సన్నటి ప్లాస్టిక్ రింగు, పైన రంగు తొడుగు. అంచు దగ్గర తొడుగు గోరంత చిరిగి, హోల్డర్ లోహం రెండింటికీ తగిలితే షార్ట్ అయినట్టే. మీది అల్యూమినియం డబ్బా కాబట్టి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. సెల్స్ బయటికి తీసి వెలుతురులో తిప్పి చూడండి. తొడుగు చిరిగితే కొత్తది తొడగండి, పది నిమిషాల పని. విడి సెల్స్ జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి ఎప్పుడూ వేసుకోవద్దు.

25ఆర్ అసలుదైతే 2500 మిల్లీ ఆంప్ అవర్, 20 ఆంప్స్ నిరంతరం ఇవ్వగలదు. మంచి సెల్. కానీ అసలుదేనా? 18650 సెల్ మీద 5000, 9900 అని రాసి ఉంటే అది పచ్చి అబద్ధం. మీరు నమ్మకమైన బ్యాటరీ షాపులోనే కొన్నారా?

రెండు సెల్స్‌నీ జంటగా ఉంచండి. ఒకేసారి కొన్నవి, ఎప్పుడూ కలిసే వాడేవి, కలిసే ఛార్జ్ అయ్యేవి. బయటికి తీసి, ఒక్కో సెల్‌ని విడిగా చూసే ఛార్జర్‌లో పెట్టండి. సిరీస్‌లో ఒకటి బలహీనమైతే రెండోది దాన్ని సున్నా కిందికి లాగేస్తుంది. ఇక్కడ ఓకేఆర్ మాడ్యూల్ మిమ్మల్ని కాపాడదు. అది ఇన్‌పుట్ 4.5 దాకా పనిచేస్తూనే ఉంటుంది, అంటే ఒక్కో సెల్ 2.25 వోల్టులకి దిగేదాకా. 25ఆర్‌కి కంపెనీ చెప్పిన కనిష్ఠమే 2.5. నేనైతే బటన్ నొక్కినప్పుడు 3.2 కిందికి పోనివ్వను. సెల్స్ మరీ దిగితే కరెంటు ఆపేసే చిన్న 2ఎస్ (సిరీస్‌లో రెండు సెల్స్‌కి సరిపడే) ప్రొటెక్షన్ బోర్డు ఒకటి పెట్టండి, డబ్బాలో చోటుంటుంది.

ఒక సంగతి చాలామందికి తట్టదు. నేరుగా బ్యాటరీకి కాయిల్ తగిలించే మెకానికల్ మాడ్‌లో ఛార్జ్ తగ్గేకొద్దీ కరెంటు కూడా తగ్గుతుంది. రెగ్యులేటర్ ఉన్నదానిలో తలకిందులు. ఔట్‌పుట్ వాట్లు మారవు కాబట్టి, సెల్ వోల్టేజ్ పడేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది. ఒక్క సెల్‌తో 40 వాట్ల బోర్డు పెడితే, బోర్డులో వృథా అయ్యే పది శాతం కూడా కలిపి, ఫుల్ ఛార్జ్‌లో 10.6 ఆంప్స్ చాలు, 3.2 దగ్గర 14కి వస్తుంది. లెక్క ఎప్పుడూ ఖాళీ కాబోయే సెల్‌తో వెయ్యాలి. కిరణ్ గారి 12 వాట్లకి రెండు సెల్స్ మీద ఇది రెండు ఆంప్స్ చుట్టూ ఉంటుంది, ఏ భయమూ లేదు.

ఫ్యూజ్ పెట్టండి. కారులో వాడే బ్లేడ్ ఫ్యూజ్, 7.5 ఆంప్స్, సెల్ పాజిటివ్‌కి వీలైనంత దగ్గరగా. 4.97 వోల్టులు, 1 ఓమ్ కాయిల్ అనుకున్నా సెల్స్ నుంచి 5 ఆంప్స్ లోపే కాబట్టి ఊరికే పోదు.

సెల్‌కి నేరుగా సోల్డర్ పెట్టొద్దు. ఆ వేడికి లోపలి పొర దెబ్బతింటుంది, పైకి ఏమీ తెలియదు. హోల్డర్ వాడండి, మెత్తటి స్ప్రింగు ఉన్న చవక ప్లాస్టిక్‌ది కాకుండా లోహపు పట్టీ ఉన్నది.

చివరగా, డబ్బా అడుగున రంధ్రాలు. సెల్ వేడెక్కితే టోపీ కింద ఉన్న వాల్వ్ తెరుచుకుని గ్యాస్ వదులుతుంది. ఆ గ్యాస్‌కి దారి ఉంటే పొగతో పోతుంది. దారి లేకుండా నలువైపులా బిగించిన లోహపు డబ్బా అయితే అది బాంబే. మీ డబ్బాకి రంధ్రాలున్నాయా?

కిరణ్_డాలస్

శాస్త్రి గారూ, సెల్స్ బ్యాటరీలు మాత్రమే అమ్మే షాపులో కొన్నవే. రంధ్రాలు లేవు, ఈ రాత్రే వేస్తాను. ఒక సెల్ తొడుగు పై అంచు దగ్గర హోల్డర్ గీసుకుని తెల్లగా ఉంది, చిరగలేదు గానీ మార్చేస్తాను. ఓకేఆర్ మాడ్యూల్ ఆర్డర్ పెట్టాను.

వైజాగ్_బీటెక్

అన్నలూ, నేను బీటెక్ రెండో ఏడాది, ఈసీఈ. ఈ ప్రాజెక్టు చాలా నచ్చింది. ఇక్కడ 510 కనెక్టర్, ట్యాంక్ ఎక్కడ దొరుకుతాయి? హాస్టల్‌లో ఫ్రెండ్స్ కూడా అడుగుతున్నారు, నాలుగైదు కట్టి ఇవ్వాలనుకుంటున్నా.

నిర్వాహకుడు

తమ్ముడూ, ఇక్కడే ఆగు. భారతదేశంలో 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ వచ్చింది, ఆ డిసెంబర్‌లో పార్లమెంటు చట్టం చేసింది. ఈ-సిగరెట్ తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. నికోటిన్ ఉన్నా లేకపోయినా ఒకటే. తయారు చేసి పట్టుబడితే మొదటిసారి ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. నిల్వ చేసినా ఆరు నెలల దాకా జైలు ఉంది. హాస్టల్‌లో నాలుగు కట్టి స్నేహితులకి ఇవ్వడమంటే తయారీ, పంపిణీ రెండూ. నీ చదువు, నీ ఉద్యోగం పాడైపోతాయి.

విడిభాగాలు ఇండియాలో ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్నలకి ఈ దారంలో ఎవరూ జవాబు ఇవ్వవద్దని అందరికీ మనవి. అమెరికా, బ్రిటన్‌లో ఉన్నవాళ్లు అక్కడి చట్టం ప్రకారం మాట్లాడుకోవచ్చు. అమెరికాలో కూడా 21 ఏళ్లు నిండితేనే కొనాలి.

కోఠి_సర్క్యూట్

వైజాగ్ తమ్ముడూ, నేనూ ఇక్కడ ఆ వస్తువు ముట్టను, రిపేర్‌కి తెచ్చినా వెనక్కి పంపిస్తాను. కానీ నీకు నచ్చింది సర్క్యూట్ కదా. అదే రెండు సెల్స్, అదే మాడ్యూల్, అదే ట్రిమ్ లెక్కతో 3.1 నుంచి 4.97 దాకా తిరిగే చిన్న బెంచ్ సప్లై కట్టు. 1.2 ఓమ్ కాయిల్ బదులు 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ పెట్టి లోడ్ పరీక్ష చెయ్యి. 555తో డిమ్మర్ కూడా పక్కనే కట్టి, కాలేజీ ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ మీద రెండూ చూడు. మీటర్ రెండింటికీ 3.8 అంటుంది, రెసిస్టర్ దగ్గరగా చెయ్యి పెడితే తేడా తెలుస్తుంది. ముట్టుకోకు, నిజంగా కాలుతుంది. మినీ ప్రాజెక్టుకి అంతకంటే మంచిది ఏం కావాలి?

వైజాగ్_బీటెక్

అర్థమైంది అన్నా. బెంచ్ సప్లై కడతాను. ల్యాబ్ సార్‌ని రేపే అడుగుతా.

గుంటూరు_ఛాతీడాక్టర్

పొగాకు బోర్డు ఉన్న ఊళ్లో ఊపిరితిత్తుల వైద్యం చేసేవాణ్ణి కాబట్టి ఈ చర్చ చదవకుండా ఉండలేకపోయాను. కోఠి గారు లెక్కగట్టిన ఆ రెండింతల వేడికి ఒంటి వైపు నుంచి చెప్పాల్సింది ఉంది.

లిక్విడ్‌లో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ బాగా ఎక్కువ వేడికి విరిగి ఫార్మాల్డిహైడ్ లాంటి విషాలు అవుతాయి. 2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక లేఖ ప్రచురించారు. తిప్పుకునే వోల్టేజ్ ఉన్న పరికరంతోనే పరీక్షించారు. 3.3 వోల్టుల దగ్గర ఫార్మాల్డిహైడ్ వదిలే పదార్థాలు కనపడలేదు. 5 వోల్టుల దగ్గర బాగా కనపడ్డాయి. దాని మీద పెద్ద వాదన నడిచింది. గ్రీస్ హృద్రోగ వైద్యుడు కాన్‌స్టాంటినోస్ ఫర్సలినోస్ బృందం అభ్యంతరమేమిటంటే, ఆ వోల్టేజ్‌లో దూది ఎండి మాడిపోతుంది, మనిషి అయితే ఆ రుచికి పీల్చడం ఆపేస్తాడు, యంత్రం ఆపదు అని. ఇద్దరి మాటా కలిపి చూస్తే కిరణ్ గారికి పనికొచ్చేది ఒకటే. మాడు రుచి తగిలిందంటే ఆ ఆవిరిలో ఉండకూడనివి ఉన్నాయి. అలవాటవుతుందిలే అని ఇంకో రెండు పీల్చి చూడొద్దు, వెంటనే ఆపి దూది మార్చండి.

వేప్ సిగరెట్ కంటే తక్కువ విషం కావచ్చు, హాని లేనిది మాత్రం కాదు. కిరణ్ గారూ, లిక్విడ్‌లో నికోటిన్ మెల్లిగా తగ్గిస్తూ మానేసే ఆలోచన ఏమైనా ఉందా? సిగరెట్ వదిలిన మనిషికి ఇది అసాధ్యం కాదు. ఇంకో మాట. తెలియనివాళ్ల దగ్గర, ముఖ్యంగా గంజాయి నూనె కలిపిన కార్ట్రిడ్జ్‌లు, కొనవద్దు. 2019లో అమెరికాలో ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది చనిపోయారు. వాటిలో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్‌కి బలమైన సంబంధం తేలింది.

లెస్టర్_లక్ష్మి

డాక్టర్ గారూ, చాలా థాంక్స్. ఇక్కడ బ్రిటన్‌లో నికోటిన్ మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, ట్యాంక్ 2 మిల్లీలీటర్లే. మావారు 18 నుంచి 3కి దిగారు.

ఇంకొకటి చెప్పాలి. 2025 జూన్ 1 నుంచి ఇక్కడ వాడి పారేసే వేప్‌ల అమ్మకం ఆపేశారు. అంతకుముందు రోడ్ల మీద ఎక్కడ చూసినా అవే, లోపల మళ్లీ ఛార్జ్ చేసుకోగల లిథియం సెల్ ఉండేది. వాటిని విప్పి ఆ సెల్స్‌తో బాక్స్ కట్టినవాళ్ల వీడియోలు తిరుగుతున్నాయి. ఎన్ని ఆంప్స్ ఇస్తుందో తెలియని, ఎలా పడేశారో తెలియని సెల్‌ని నోటి దగ్గర పెట్టుకోవద్దు.

కిరణ్_డాలస్

కొత్త మాడ్యూల్ వచ్చింది, పని పూర్తయింది. చూసినవి చూసినట్టు రాస్తున్నా, ముందుముందు ఎవరికైనా ఉపయోగపడొచ్చు.

270 ఓమ్, 200 ఓమ్ పాట్ పెట్టాను. కాయిల్ లేకుండా కొలిస్తే 3.11 నుంచి 4.93 దాకా తిరుగుతోంది, లెక్కకి దాదాపు అంతే. కాయిల్ పెట్టి 3.8 దగ్గర నొక్కితే మాడ్యూల్ కాళ్ల దగ్గర 3.80, 510 కనెక్టర్ దగ్గర 3.65. దారిలో 0.15 పోతోంది. సన్నటి వైర్ తీసేసి మందపాటిది వేశాను, కనెక్టర్ మధ్య పిన్ సాండ్‌పేపర్‌తో శుభ్రం చేసి స్ప్రింగు కొంచెం లాగాను. ఇప్పుడు 3.77. డబ్బా అడుగున ఆరు రంధ్రాలు, 7.5 ఆంప్స్ ఫ్యూజ్, 2ఎస్ బోర్డు, సెల్స్‌కి కొత్త తొడుగులు. అదే ట్యాంక్, అదే కాయిల్, కొత్త దూది. మాడు వాసన లేదు. దూది తీసి చూశాను, లిక్విడ్ రంగు తప్ప ఎక్కడా నలుపు లేదు.

డాక్టర్ గారూ, నికోటిన్ 12 నుంచి 6కి దింపాను. ఇంకా తగ్గిస్తాను.

ఒక సందేహం. సంక్రాంతికి తణుకు వస్తున్నాం. ఈ బాక్స్ వెంట తెచ్చుకోవచ్చా?

నిర్వాహకుడు

తేవద్దు కిరణ్ గారూ. పైన చెప్పిన చట్టంలో దిగుమతి కూడా ఉంది. సొంతానికి ఒకటే కదా అనుకుని విమానాశ్రయంలో ఇబ్బంది పడొద్దు. సెల్స్, ట్యాంక్, లిక్విడ్ ఏదీ పెట్టుకోకండి.

గుంటూరు_ఛాతీడాక్టర్

ఇక్కడున్నన్నాళ్లూ నికోటిన్ గమ్ వాడండి, మందుల షాపుల్లో దొరుకుతుంది. చూయింగ్ గమ్‌లా గబగబా నమలకండి. కొంచెం నమిలి, చురుక్కుమనగానే దవడ పక్కన పెట్టి ఉంచాలి. మళ్లీ కోరిక వస్తే మళ్లీ నమలాలి. జాతీయ పొగాకు మానే హెల్ప్‌లైన్ 1800-11-2356, ఫోన్ ఉచితం. పండక్కి బావమరుదులు సిగరెట్ పెట్టె చాపుతారు, ఆ నాలుగు రోజులే కష్టం. ముందే ఇంట్లో చెప్పి పెట్టండి.

కిరణ్_డాలస్

సరే డాక్టర్ గారూ, గమ్ ఇక్కడే కొని అలవాటు చేసుకుని వస్తాను. బాక్స్ ఇక్కడే వదిలేస్తా. నెల పైన ఉంటుంది కదా, శాస్త్రి గారూ, సెల్స్ ఫుల్ ఛార్జ్‌లో ఉంచాలా, ఖాళీగానా?

శాస్త్రి_బ్యాటరీ_హోసూరు

రెండూ కాదు. ఫుల్‌లో పెడితే సెల్ త్వరగా ముసలిదవుతుంది, ఖాళీగా పెడితే మెల్లగా దిగి 2.5 కిందికి పోవచ్చు. ఒక్కోటి 3.6, 3.7 మధ్య ఉండగా బాక్స్‌లోంచి తీసి, ప్లాస్టిక్ సెల్ పెట్టెలో వేసి, ఎండ తగలని చల్లటి గదిలో పెట్టండి. ఆ మాడ్యూల్ ఆపేసినా కొద్దిగా కరెంటు తాగుతూ ఉంటుంది, అందుకే బాక్స్‌లో వదలొద్దు. వచ్చాక ఛార్జర్‌లో పెట్టేముందు మీటర్‌తో ఒక్కోటి చూడండి. రెండింటి మధ్య తేడా 0.05 లోపు ఉంటే సరే, అంతకు మించితే ఇక్కడ రాయండి.